నీలం కూలరు
కార్లకు రంగులు వేసే షెడ్డు యజమాని రోజూ పొద్దున్నే, రంగు చిమ్మడానికి గాలినిచ్చే కంప్రెసరుకు దండం పెడతాడు. దాని ట్యాంకు అడుగున చేరిన నీటిని తీయడం మాత్రం దేవుడికే వదిలేస్తాడు. వేడిగాలిని చల్లార్చి తడిని విడదీసే కూలరు కోసం వెళ్ళినప్పుడు, "మీ గాలి ఎంత వేడిగా వస్తుందండీ?" అని దుకాణదారు అడిగాడు. "గాలికేమైనా జ్వరమా, కొలవడానికి? ఆ నీలంది ఇవ్వు, గోడకు నప్పుతుంది" అని, అన్నింటికన్నా చిన్నదాన్ని పసిబిడ్డలా చంకనెత్తుకుని వచ్చాడు. ఆ వేడికి అది సరిపోక, గాలితోపాటు నీళ్ళూ పడడంతో, తన అక్క మొగుడి టాక్సీ రంగంతా బుడగలు తేలింది. మర్నాటి నుంచి బాడుగకు తిరగాల్సిన బండి. బావ దాని తలుపును మెల్లగా నిమిరాడు. యజమాని గొంతు తగ్గించాడు. "బావా, సరైన కూలరు తెచ్చి మళ్ళీ వేస్తాను. అందాకా వాన పడేటప్పుడే తిప్పవా? చూసినవాళ్ళు చినుకులనుకుంటారు."