తోక కోసినా విరగని అంకె

శంకరప్ప సారుకు అంకె కనబడితే చాలు, భాగించి చూడందే అన్నం సయించదు. పుంగనూరులో లెక్కలు చెప్పే ఆ మనిషి బస్సు నంబరును, గ్యాసుబండ నంబరును, పెళ్లిపత్రికలో తేదీని కూడా వదిలేవారు కాదు. ఏ ఎక్కానికీ లొంగని ప్రధాన సంఖ్య దొరికిందా, ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేవారు.

ఓసారి మదనపల్లె బస్సు ఎక్కబోయి 4824 అన్న నంబరు చూసి కాలు వెనక్కి తీసుకున్నారు.

"రెండో ఎక్కంలో పోతాది, మూడో ఎక్కంలోనూ పోతాది. ఇంత లొంగే బండిని నమ్మి ఎక్కేదెట్లప్పా?"

అప్పటికే సీటు పట్టుకున్న అన్నపూర్ణమ్మ దిగలేదు. భర్తను అక్కడే వదిలేసి, పెళ్లికి ఒక్కతే పోయి భోంచేసి వచ్చింది.

సారు ఇష్టదైవం 7,39,39,133. "సూడండి, కడాపు అంకె, ఈ మూడు, చెరిపేస్తే మిగిలేదీ ప్రధానమే. మళ్లా చెరిపెయ్, అదీ ప్రధానమే. తోక కోస్తానే పోండి, ఏడొక్కటే మిగిలినా విరగదు. ఈ జాతిలో దీనికంటే పెద్దది లేదు!" అని ఏటా బోర్డు మీద రాసి మురిసిపోయేవారు.

1996లో సారు దగ్గర చదువుకునే మునీశ్వరి మూడోసారి పదో తరగతి లెక్కల పరీక్షకు మదనపల్లె వచ్చింది. "ఈసారీ తప్పితే చదువు సాలు, టమోటా మండీకి రా" అని తల్లి అంజమ్మ తేల్చేసింది. సారే వెంటబెట్టుకుని వచ్చినా, సెంటరు గేటు దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది.

"నేను లోపలికి పోను సార్."

సారు హాల్‌టికెట్టు లాక్కుని 412307 అన్న నంబరు చూశారు. కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. ఉన్నట్టుండి ఎగిరి గంతేశారు.

"ప్రధాన సంఖ్యమ్మా! నిన్ను విరిచే క్వశ్చన్ పేపరు ఇంకా పుట్టలేదు. పో లోపలికి!"

అంకెల విషయంలో సారు అబద్ధమాడరని ఊరంతటికీ తెలుసు. మునీశ్వరి ధైర్యంగా వెళ్లింది. ముప్పై ఎనిమిది మార్కులతో గట్టెక్కింది.

తొమ్మిదేళ్లకు ఆమే కుప్పంలో లెక్కల టీచరైంది. ఒకరోజు క్లాసులో ఆ హాల్‌టికెట్టు నంబరును గర్వంగా రాసి, ప్రధానమని చూపించబోయి ఏడుతో భాగించింది. శేషం సున్నా! సారంతటి సారు లెక్క తప్పారా? చెబితే ఆ పెద్దాయన తట్టుకుంటారా? చెప్పకుంటే తనకు కడుపు ఉబ్బుతోంది. రెండు వారాలు నలిగి, చివరికి పుంగనూరు వెళ్లింది.

"సార్, నా హాల్‌టికెట్టు నంబరు... ఏడో ఎక్కంలో పోతాండాది."

శంకరప్ప సారు కాఫీ గ్లాసు కూడా దించలేదు. "యాల పోదు? ఆ పొద్దే పోయింది."

"మరి ప్రధానమంటిరే!"

"నీ మొకం సూసినా. ఏడుతో పోతాదంటే నువ్వూ ఇంటికి పోయేదానివి."

వంటింట్లోంచి అన్నపూర్ణమ్మ అందుకుంది. "ఏటా పరీక్షలప్పుడు అబద్ధమాడేది, ఆనాక పాపం తగిలిందని వారం దినాలు ఒంటిపూట తినేది! నీ ఒక్కదానికేనా సెప్పింది?"

మునీశ్వరికి గుండెల మీది బండ దిగిపోయింది. నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎంతమందికి సెప్పినారు సార్ ఇట్లా?"

"నీతో కలిపి నలభై ఒకటి. అదీ ప్రధాన సంఖ్యే!"

ఈసారి మునీశ్వరి రెండు, మూడు, ఐదులతో మనసులోనే భాగించి చూసుకున్న తర్వాతే తలూపింది.