షాఫ్టులో తాళంచెవి

మా పక్కింటి కాక పోయారు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద నడుం వాల్చారట, మళ్లీ లేవలేదు. "బాధ పడలేదక్కా, నిద్రలనే పోయిండు మా నాయిన" అని వాళ్లమ్మాయి ఫోన్‌లో చెప్పింది. నేనప్పుడు కొంపల్లిలో కళ్లద్దాల దుకాణంలో ఉన్నాను. మేడ్చల్ బస్సెక్కి కూర్చున్నాక, ఏడుపుకంటే ముందు నవ్వొచ్చింది. దానికి కారణం ఒక చిన్న ఇంగ్లిష్ మాట. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేం భీమవరం వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో ఆయన్ని "బాబాయ్‌గారూ" అని పిలిచేదాన్ని. "గారు గీరు ఎందుకు బిడ్డా, కాకా అను. గట్లైతేనే నాకు ఇనవడ్తది" అన్నారు. జీడిమెట్లలో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి అడుగు చూసేవారు. ఒకసారి పులిహోర గిన్నె ఇస్తే, మూత ఉంది కదా అని దాన్నీ తిప్పబోయారు. వాళ్లావిడ కేకేసి ఆపింది.

నేను స్పానిష్ నేర్చుకుని ఇంటి దగ్గరే అనువాదాలు చేస్తుంటాను. అప్పటిదాకా ఉత్తరాలు, ధ్రువపత్రాలు తప్ప పెద్ద పని దొరకలేదు. అలాంటప్పుడు పశువుల దాణా కలిపే యంత్రాలు చేసే ఒక కంపెనీ నన్ను పిలిచింది. యంత్రాలు మెక్సికోకు వెళ్తున్నాయి, వాటిని ఎలా బిగించాలో, ఎలా నడపాలో చెప్పే పుస్తకం స్పానిష్‌లో కావాలి. మూడు వారాలు కూర్చుని పూర్తిచేసి, ఒక పొద్దున పంపేశాను.

ఆ సాయంత్రం కాక గోడ అవతల మొక్కలకు నీళ్లు పడుతున్నారు.

"అయిపాయెనా నీ పుస్తకం?"

"అయిపోయింది కాకా. వింటారా?"

గొప్పగా అనిపించి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. బెల్టు, పుల్లీ, బేరింగ్ అన్నప్పుడల్లా పాత స్నేహితుల పేర్లు విన్నట్టు తలూపారు. "మోటారు వేసే ముందు షాఫ్టులో కీ సరిగా కూర్చుందో లేదో చూడండి" అన్నాను.

"కీ అంటే ఏం రాసినవ్ ఆళ్ల భాషల?"

"యావే. తాళంచెవి."

కాక పైపు కింద పెట్టేశారు. "షాఫ్టుల తాళంచెవి ఏంది బిడ్డా?"

"కీ అంటే తాళంచెవే కదా?"

"తలుపుకైతే తాళంచెవి. గా తిరిగే షాఫ్టు కడ్డీకైతే గదొక ఇనుప ముక్క. ఏలంత ఉంటది. షాఫ్టుకు, పుల్లీకి నడుమ గాడిల కూసుంటది. గది లేకుంటే షాఫ్టు తిరుగుతది గని పుల్లీ తిరగది."

నాకు నవ్వొచ్చింది. "ఇంకో తమాషా ఉంది కాకా. ఆ దేశంలో యావే అంటే నల్లా కూడా, పానా కూడా."

ఆయన నవ్వలేదు. గోడ దగ్గరికొచ్చి కనుబొమ్మ మీది మచ్చ చూపించారు.

"గిది జూడు. ఎవడో మిషన్ల పానా పెట్టి తియ్యకుండ పోయిండు. నేను జూడకుండ స్విచ్ ఏసిన. ఎగిరొచ్చి కొట్టింది. కన్ను పోలే, గదే అదృష్టం. నువ్వు రాసింది సదివి ఆడెవడో షాఫ్టుల పానా పెట్టి మోటర్ చాలూ జేస్తే?"

అది నాకు దొరికిన మొదటి పెద్ద పని. ఫోన్ చేసి తప్పు రాశానంటే మళ్లీ పిలుస్తారా? "యంత్రాలు తెలిసినవాళ్లే కదా చదివేది, అర్థం చేసుకుంటారులే" అన్నాను.

"తెల్సినోడు పుస్తకం సదువడు బిడ్డా. తెల్వనోడే సదువుతడు."

ఆయన నాతో అన్న మాటల్లో ఎప్పటికీ మరవనిది అది. అక్కడే గోడ పక్కన నిలబడి కంపెనీ మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆయన "రేపు సాయంత్రం ప్రెస్సుకు పోతాంది మేడం. ఇదొక్కటేనా, ఇంకేమన్న ఉన్నయా?" అన్నారు. ఫోన్ పెట్టేసి ఆ ప్రశ్నే కాకను అడిగాను.

మర్నాడు పొద్దున్నే కాక స్కూటర్ తీశారు. గాజులరామారంలో తెలిసినవాళ్ల వర్క్‌షాపుకు తీసుకెళ్లి, నా పుస్తకంలో ఉన్న ప్రతి వస్తువునూ నా చేతిలో పెట్టారు. "పట్టుకో. బరువు జూడు. ఇగ ఇప్పుడు రాయి" అనేవారు. ఇంకో తప్పు కూడా దొరికింది. బోల్టు కింద వేసే వాషర్‌ను కంప్యూటర్ అనువాదం బట్టలుతికే మిషన్ చేస్తే, నేను చూడకుండా వదిలేశాను. ఆ సంగతి చెబితే వర్క్‌షాపు మొత్తం పని ఆపి నవ్వింది. కాక మాత్రం వాళ్లను కసిరారు. "నవ్వుడు అల్కనే, రాసుడే కష్టం. మీరు రాయున్రి సూద్దాం."

సరిచేసిన పుస్తకం వేళకే అందింది. మేనేజర్ "సరే" అన్న ఒక్క మాటతో ఊరుకున్నారు. రెండు వారాల తర్వాత రెండో యంత్రం పుస్తకం పంపారు. ఇప్పటికీ ఆ కంపెనీ పని నేనే చేస్తున్నాను.

ఆ ఇనుప ముక్కకు స్పానిష్‌లో చవేత అనే మాట ఉంది. మతి పోయిందనడానికి అక్కడివాళ్లు చవేత పోయింది అంటారని చెబితే కాక మురిసిపోయారు. "సక్కగ అన్నరు. గది పోతే లోపలిది తిరుగుతనే ఉంటది, బయట పని కాదు!" ఆ తర్వాత కాలనీ మీటింగులో ఎవరైనా అరిస్తే, నా వైపు తిరిగి "చవేత" అని గొణిగేవారు. నవ్వు ఆపుకోలేక నేను బయటికి వెళ్లిపోయేదాన్ని.

కాక పోయిన పదో రోజున వాళ్లింటికి ఆయనతో పనిచేసిన ఫిట్టర్లు నలుగురు వచ్చారు. భోజనాలయ్యాక వాళ్లు పెరట్లో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటుంటే, లోపలెవరో సంపు మోటారు వేశారు. అందరిలోకీ పెద్దాయన వంగి దాని మీద అరచేయి ఆనించారు.

"మనోడు కొత్త బేరింగ్ ఏసిండు" అన్నారు మెల్లగా.

పక్కాయనా వంగి చేయి పెట్టారు. తర్వాత మిగిలిన ఇద్దరూ. పైన ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంట జారుతున్నా, ఆ నలుగురూ చేతులు తియ్యలేదు. మేమూ స్విచ్ ఆపలేదు.