రెండోచోట పాత పేరు

మూసాపేటలో మా ఇంటి కింద కొత్తగా కంప్యూటర్ల దుకాణం తెరిచారు. పొద్దున్నే కర్పూరం, కొట్టిన కొబ్బరికాయ వాసన మెట్లెక్కి పైకి వచ్చింది. నాకు భక్తి కలగలేదు, కోపమొచ్చింది. ఆ కోపం వెనకే విమల గారు గుర్తొచ్చారు.

తొంభైల చివర, మాదాపూర్‌లో ఇంకా బండరాళ్లు పేలుస్తున్న రోజుల్లో, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. నాకు డిగ్రీ లేదు. రేడియోలు బాగుచేసుకుంటూ, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాలతో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవాణ్ణి. మా డైరెక్టరు ఆ సంగతి రోజూ గుర్తుచేసేవాడు. మా టీమ్ లీడ్ విమల గారు, గుడివాడ వైపు మనిషి, ఒక్కసారి కూడా ఎత్తలేదు. వయసులో నాకంటే చాలా చిన్న. నా కోడ్ ఓపిగ్గా చదివి, బాగుంటే బాగుందనేవారు, లేకపోతే లేదనేవారు.

విదేశంలో ఒక ఆసుపత్రికి పడకలు కేటాయించే ప్రోగ్రాం చేస్తున్నాం. పేరు ‘ధ్రువ’. ఒకే పడకను ఇద్దరు రోగులకు చూపించే తప్పొకటి బయటపడితే, సరిచేసే పని నాకిచ్చారు. ఇంతలో పనులు కలిసిరావడం లేదని డైరెక్టరు ఎవరో సిద్ధాంతిని అడిగితే, ఆయన ప్రోగ్రాం పేరు మార్చమన్నాడు. శుక్రవారం నా కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టి, ముందు నిమ్మకాయ ఉంచి, డైరెక్టరే నా కుర్చీలో కూర్చుని, మేం కోడ్ రాసే ఎడిటర్లో ప్రాజెక్టు పేరు ‘శ్రీనిధి’గా మార్చాడు. అందరికీ పేడాలు పంచాడు. విమల గారు ఆ రోజు సెలవు. మేం రాసినదాన్ని నడిచే ప్రోగ్రాంగా కట్టే బిల్డ్ వేరే యంత్రంలో ఉండేది, దాన్ని ఆవిడే చూసుకునేవారు. అక్కడి పేరు ఎవరూ ముట్టుకోలేదు. నేను సరిచేసిందంతా కొత్త పేరుతో ఏర్పడ్డ ‘శ్రీనిధి’ ఫోల్డర్లోకి చేరుతుంటే, బిల్డ్ మాత్రం ‘ధ్రువ’ ఫోల్డర్నే తీసుకుని, ఏ లోపమూ చూపకుండా పాత ప్రోగ్రాంనే మళ్లీ కట్టింది. ఆసుపత్రికి అదే వెళ్లింది.

తప్పు అలాగే ఉందని అక్కణ్ణుంచి ఫోన్ వచ్చింది. డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచి, చదువులేనివాణ్ణి పెట్టుకుంటే ఇంతేనని, రేపటినుంచి రావద్దని అన్నాడు. విమల గారు నా వెనకే లోపలికొచ్చి, ఎక్కడ పేరు మారిందో, ఎక్కడ మారలేదో వివరించారు. అయితే తప్పు నాదంటావా అని ఆయన కళ్లెర్రజేశాడు.

“పేరు మారాక బిల్డ్ చూసుకోవాల్సింది నేనండి. తీసేయాలంటే నన్ను తీసేయండి,” అన్నారావిడ.

ఆయన ఎవర్నీ తీసేయలేదు, వెళ్లి ముందు దాన్ని సరిచేయమని ఇద్దర్నీ పంపేశాడు. బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను.

“మార్చింది ఆయన. మీకు చెప్పనే లేదు. మీరెందుకు మీదేసుకున్నరు మేడమ్? గిదేం న్యాయం?”

“ఆయన చేత ఒప్పించి నేనేం చేసుకోనండీ యాదగిరి గారూ? రేపు మీరు మీ కుర్చీలో ఉండాలి. అక్కడ ఆసుపత్రిలో ఒక పడక దగ్గర ఇద్దరు నిలబడున్నారు. రండి ముందు.”

నన్ను ఎడిటర్ ముందు కూర్చోబెట్టి, తాను బిల్డ్ యంత్రం ముందు కూర్చున్నారు. నా దగ్గరున్న పేరు నేను పైకి చదవాలి, తన దగ్గరున్నది ఆవిడ చదివి బదులివ్వాలి. పెళ్లిలో ప్రవర చెబుతున్నట్టుందని పక్కవాళ్లు నవ్వారు. రెండుచోట్లా పేరు ఒకటయ్యాకే మళ్లీ బిల్డ్ కట్టి ఆసుపత్రికి పంపాం. ఆ తర్వాత ఏ పేరు మారినా మా దగ్గర అదే పద్ధతి.

ఆవిడకు రావాల్సిన మేనేజరు పదవిని డైరెక్టరు తన మేనల్లుడికిచ్చాడు. ఆ మంట నాలో ఇప్పటికీ చల్లారలేదు. ఆవిడ మాత్రం ఒక్క నిష్ఠూరపు మాటా అనకుండా, బిల్డ్ యంత్రం నాకప్పగించి బెంగుళూరు వెళ్లిపోయారు. తర్వాత నా కింద ఎంతోమంది పనిచేశారు. బిల్డ్ చెడినప్పుడల్లా, ఎవడు చేసిందిది అని నోటిదాకా వచ్చేది, నా స్వభావమే అంత. దాన్ని మింగి, కుర్చీ లాక్కుని, నీ దగ్గరున్న పేరు చదువు, నా దగ్గరున్నది నేను చదువుతా అనేవాణ్ణి. ఒక పేరు తేడా వచ్చిందని నా దగ్గర ఎవరి ఉద్యోగమూ పోలేదు.