తలుపు వెనుక స్విచ్చు

కరెంటు ఉండి, బల్బు ఉండి, ఫ్యూజు నిక్షేపంలా ఉండి కూడా చీకట్లో కూర్చున్న ఇల్లు మా పోచంపల్లిలో ఒక్కటే. అది మాది. ఆ ఘనకార్యం నాది. ఇప్పుడెందుకు రాసి పెడుతున్నానంటే, ఈ కథ మా వీధిలో నాలుగు రకాలుగా నడుస్తోంది. ఒకదాంట్లో నేను ఇల్లు కూడా తగలబెట్టాను! ఒక్క నిప్పురవ్వ కూడా లేవలేదని సాక్ష్యం మిగలాలి కదా.

ఎనభైల చివరి మాట. నాకు ఇరవై రెండేళ్లు. పదో తరగతితో బడి మానేశాను గానీ గ్రంథాలయం మానలేదు. అక్కడ దొరికిన ఇంటి వైరింగు పుస్తకాన్ని మూడుసార్లు చదివి, బొమ్మలతో సహా నోట్సు రాసుకున్నాను. మూడోసారి పూర్తయ్యేసరికి మా ఇల్లు నాకు తప్పుల తడకలా కనిపించసాగింది. మగ్గం గదిలో బల్బుకు స్విచ్చు ఎక్కడ? వంటగదిలో! లైటు కావాలంటే మా బాపు నర్సయ్య మగ్గం గుంటలోంచి కాళ్లు తీసి, మోకాళ్లు పట్టుకుని లేచి, వంటగది దాకా పోయి రావాలి.

పుస్తకం స్పష్టంగా చెప్పింది: స్విచ్చు గుమ్మం పక్కనే ఉండాలి, అదీ తలుపు బందులు లేని వైపు. మగ్గం గదే మా ముందు గది, దాని వీధి తలుపుకు రెండు రెక్కలు. అంటే రెండు వైపులా బందులే. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. పిల్లులూ పిల్లలూ అడ్డం రాకుండా రెక్కలు రెండూ మూసి, కుడివైపు గోడకు బోర్డు బిగించాను. వంటగది స్విచ్చు పీకేశాను. వేసి చూశాను, వెలిగింది. షాకు లేదు, మెరుపు లేదు. ఆ క్షణంలో నాకున్న గర్వం మా గదిలో పట్టక తలుపులు తెరిచాను. కుడి రెక్క పోయి హాయిగా బోర్డును కప్పేసింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దు గుంకింది. మగ్గం మీద పెళ్లి చీర. కొంగు ఇంకా జానెడు మిగిలింది. తెల్లారగానే పెళ్లివాళ్లు వస్తారు.

"లైటెయ్యిరా యాదగిరీ," అన్నాడు బాపు.

నేను దర్జాగా పోయి తలుపు రెక్క జరిపాను.

"ఏందిరా!" అరుగు మీది నుంచి బాపు వాళ్లమ్మ రాములవ్వ కేక. "దీపాలు వెట్టే యాళ్లకు తలుపు మూస్తవా? లచ్చిందేవి వాకిట్ల నిలవడి ఉంటది!"

"మూస్తలేనవ్వా, స్విచ్చేస్తున్న."

"స్విచ్చేసేటోనికి తలుపుతోటి ఏం పని?"

"స్విచ్చు తలుపెనక ఉన్నది."

మగ్గం ఆగింది.

"తలుపెనక దొంగుంటడు గని, స్విచ్చుంటదారా?" అన్నాడు బాపు.

"పుస్తకంల గట్లనే ఉన్నది బాపూ."

"ఆ పుస్తకం రాసినోని ఇంటికి తలుపులు లేవేమో!"

"ఒక్క రెక్కనే అవ్వా, ఒక్క నిమిషం..."

"ఒక్క కన్ను మూసి సుట్టాన్ని రమ్మంటే వస్తడా?"

చదువరులారా, దీపం కింద చీకటి అంటారు. మా ఇంట్లో తలుపు వెనుక వెలుగు!

"కందిలి వెట్టుకో బాపూ," అన్నాను, మూలనున్న లాంతరు చూపించి, గొంతు తగ్గించి.

"కందిలికి ఎరుపు, వక్కరంగు ఒక్కతీరే కండ్లవడతయి. ఒక్క పోగు జరిగితే పువ్వు చెదురుతది. పొద్దుగాల ఆ పెండ్లిపిల్లకు ఏం జెప్పాలె? మావోడు సదువుకున్నడని జెప్పాల్నా?"

ఆ మాట నాకు షాకు కన్నా గట్టిగా తగిలింది.

గొడవ విని పక్కింటి ఖాజామియా వచ్చాడు. సైకిళ్లు బాగుచేసే మనిషి, ఏ బిగుతునైనా వదిలించగలడు. సంగతంతా విని, నవ్వు మీసాల్లో దాచుకుని, "అవ్వా, తలుపు మూయొద్దన్నవ్. పీకొద్దన్నవా?" అని అడిగాడు.

అవ్వ లేచొచ్చి రెక్కను పైనుంచి కిందికి చూసింది. "పీకద్దని ఎవ్వలు జెప్పలే."

అంతే. ఖాజామియా రెక్కను కదలకుండా పట్టుకున్నాడు. నేను స్క్రూలు విప్పాను. ఇద్దరం రెక్కను లేపి అరుగుకు ఆనించాం. స్విచ్చు నొక్కాను. గది తెల్లగా వెలిగింది. బాపు పోగుల మీదికి వంగాడు. కొంగు పూర్తయింది, ఒక్క పువ్వూ చెదరలేదు. పొద్దున పెళ్లివాళ్లు చీర చూసి మురిశారు. తలుపు సంగతి అడగలేదు, అంత మర్యాదస్తులు.

మర్నాడు రెక్క మళ్లీ ఎక్కించి, ఆ స్విచ్చును మగ్గం పక్క గుంజకు మార్చాను. బాపు కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి వేసుకోవచ్చు. అలాంటి చోటు ఆ పుస్తకంలో లేదు. అది నాదే! వారం తిరక్కుండా వీధిలో ఆరు మగ్గాల వాళ్లు మాకూ పెట్టమని వచ్చారు.

"పిలుసుకపోండ్రి, మంచిగ వెడతడు," అన్నాడు బాపు గర్వంగా. "గని ముందుగాల తలుపులు పీకి వెట్టుండ్రి."

కనుక, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడకుండా ఇకపై గోడకు మేకైనా కొట్టనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం సత్తయ్య సారుకు, రెక్క మోసిన ఖాజామియాకు, ఒక రెక్క లేని గుమ్మంలో తెల్లవార్లూ కాపలా కూర్చున్న రాములవ్వకు, కొట్టకుండా వదిలిన బాపు నర్సయ్యకు వందనాలు. చివరగా లక్ష్మీదేవికి, ఆ సాయంత్రం గుమ్మంలో తలుపు మోస్తున్న ఇద్దరిని చూసి కూడా వెనక్కి పోనందుకు.