గడ్డం గీస్తే ఆగిన నాడి

1956లో నేను వికారాబాద్‌లో ఒక ఆసుపత్రి నర్సును. తాండూరు బండల గనుల్లో పనిచేసే సంగప్ప ఒక ఉదయం రైలు దిగి మా వార్డుకొచ్చాడు. గడ్డం గీయించుకోవడానికి కూర్చుంటే చాలు, స్పృహ తప్పి పడిపోతున్నాడట. ఫిట్స్ మందు వాడినా గుణం లేదు. అతని వెంట వచ్చింది ఇంటివాళ్ళు కాదు, ఆ గడ్డం గీసే నర్సయ్య.

"నేనే బాణామతి చేసిన అంటున్రు సిస్టరమ్మా," అన్నాడు నర్సయ్య. చేతబడిని అక్కడ అలాగే అంటారు. "ఇంకోపారి పడిపోతే మంత్రం పలకకుంట నా పండ్లు ఊడబీకుతరంట."

"నాకు నర్సయ్య మీద అనుమానం లేదు," అన్నాడు సంగప్ప. "గాని ఆయన చెయ్యి పెట్టంగనే కండ్లకు చీకట్లొస్తయి. ఊరోళ్ళకు ఏం జెప్పాలె?"

నాకు ఆ ఊరివాళ్ళ మీద ఒళ్ళు మండింది. మా డాక్టరమ్మ మాత్రం నింపాదిగా సంగప్పను మంచం మీద కూర్చోబెట్టి, గుండె వేగం పెంచే ఆట్రోపిన్ సూది సిద్ధం చేయించింది.

"నర్సయ్యా, కత్తి వద్దు. చెయ్యి మాత్రం రోజూ పెట్టినట్టే పెట్టు."

"ఈడ గూడ పడిపోతేనమ్మా?"

"పడిపోతే నేను చూడాలి."

నా వేళ్ళు సంగప్ప మణికట్టు మీద ఉన్నాయి. నర్సయ్య బొటనవేలితో దవడ కింద చర్మాన్ని లాగిపట్టాడు. నాడి ఆగిపోయింది. మందగించడం కాదు, అసలు లేదు. సంగప్ప తల వాల్చేశాడు. నర్సయ్య చెయ్యి తీశాక, ఎక్కడికో వెళ్ళొచ్చినట్టు నాడి మళ్ళీ నా వేళ్ళకు తగిలింది. బతికున్న మనిషి గుండె ఒక్క బొటనవేలికి ఆగడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

డాక్టరమ్మ ఆ చోటు మెల్లగా తడిమింది. లోపల గడ్డ ఉంది. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో, రక్తపు ఒత్తిడిని పసిగట్టి గుండెకు కళ్ళెం వేసే చోటొకటి ఉంటుంది. దాన్ని కెరాటిడ్ సైనస్ అంటారు. గడ్డ సరిగ్గా దాన్ని ఆనుకుని పెరిగింది. మీద వేలు పడితే గుండెకు ఆగమని ఆజ్ఞ వెళ్ళినట్టే.

"నీ చేతిలో ఏ మంత్రమూ లేదు నర్సయ్యా," అంది డాక్టరమ్మ. నర్సయ్య గోడవైపు తిరిగి ఏడ్చాడు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. కొన్నాళ్ళకు ఇద్దరూ మాకు చూపించుకోవడానికి వచ్చారు. సంగప్ప గడ్డం నున్నగా ఉంది.

"ఊరంత ముందట గీయించుకున్న సిస్టరమ్మా. పడిపోతనేమోనని మస్తు మంది జమైన్రు."

మనిషి ఎప్పుడు పడిపోయాడని అడగడం నాకు ముందే తెలుసు. అప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడుందని అడగడం ఆ కేసుతో నేర్చుకున్నాను. సంగప్ప పక్కన నిలబడి నర్సయ్య నవ్వుతున్నాడు. పళ్ళన్నీ ఉన్నాయి.