నరికేసిన కొండ బొప్పాయి

మా ఇల్లు హిందూపురంలో, పట్టుగూళ్ల మార్కెట్ వెనక వీధిలో. మా ఆయన వ్యాను నడుపుతాడు. పెళ్లయిన కొత్తలో కొడైకెనాల్‌కు కిరాయికి వెళ్లి, వస్తూ కొండ బొప్పాయి మొక్కలు తెచ్చాడు. చలి ఊళ్లలో పెరిగే చెట్టది. కాయ మామూలు బొప్పాయి కంటే చిన్నది. పండితే మాత్రం ఇల్లంతా వాసనే.

మా అత్తకు మొదట నమ్మకం లేదు. "పెనుకొండ కొండ మీద గడ్డే మాడిపోతాంటే, ఈ చలి మాను ఈడ యాడ బతుకుతాదమ్మీ?" అంది. అయినా మట్టి గుట్టగా పోసి, వేళ్ల దగ్గర నీళ్లు నిలవకుండా నాటింది ఆమే. ఎండాకాలం నేను ధర్మవరంలోని పుట్టింటి నుంచి పాత చీరలు తెచ్చి పైన నీడ కట్టాను. కొన్ని కుళ్లిపోయాయి. మిగిలినవి రెండు. ఒకటి మగది, ఒకటి ఆడది. మగపూల పుప్పొడిని దూదితో అద్ది ఆడపూలకు రాసేదాన్ని. అత్త చూసి నవ్వేది. "మానుకు పెండ్లి జేస్తాండావా?"

కాయలు కాసిన ఏడాదే నేను నెల తప్పాను. కడుపుతో ఉన్నవాళ్లు బొప్పాయి ముట్టకూడదంటారు కదా, నేను ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. పండినవన్నీ అత్త కోసి వీధిలో పంచింది.

ఐదో నెలలో రక్తం కనపడింది. స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. "ఇందులో మీరు చేసిందేమీ లేదమ్మా" అంది డాక్టరమ్మ.

పలకరించడానికి వచ్చినవాళ్లు నన్ను కాదు, పెరట్లో చెట్టును చూశారు. బొప్పాయిని మా వైపు పరంగి అంటారు. "పరంగి మాను ఇంట్లో ఉండాది కదా, దాని గాలే చాలు" అంది ఒకామె. ఆ మాటకు అత్త లేచి నిలబడింది.

"నాకు రెండు కాన్పులు పోయినాయి. అప్పుడు ఈ వీధిలో ఒక్క పరంగి మాను లేదు. అప్పుడెవురు జేసినారో చెప్పు."

ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఆమె కొడుక్కి కూడా.

మర్నాడు పొద్దున గొడ్డలి చప్పుడుకు లేచాను. ఆడచెట్టు పడిపోయి ఉంది. పచ్చికాయలు చితికి పాలు కారుతున్నాయి.

"ఏంటికి కొట్టినావురా?" అంది అత్త.

"నేనే తెచ్చినా కదమ్మా" అని ఆయన నేల మీద కూలబడ్డాడు. పాలంటుకున్న చేతులు మండుతున్నా కదల్లేదు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి, పసివాడికి కడిగినట్టు కడిగింది.

నాకు ఆ రోజే పాలు పడ్డాయి. ఎవరికీ చెప్పలేక లోపలికి పోయి రవిక మార్చుకున్నాను. అత్త వెనకే వచ్చింది. తడి రవిక తీసుకుని తనే ఉతికి ఆరేసింది.

మగచెట్టు ఆ ఏటి ఎండల్లోనే పోయింది. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ తర్వాత చాలా మధ్యాహ్నాలు అత్తా నేనూ వంటింట్లో కూర్చుని, ఆమె పోగొట్టుకున్న బిడ్డల గురించి మాట్లాడుకున్నాం. మొదటివాడికి జుట్టు ఒత్తుగా ఉండేదట.