డోనుకు ఎర్రది, కల్లూరుకు నీలంది

చికెన్ గున్యా జ్వరం మా పక్క ఊళ్లనన్నిటినీ మంచాన పడేసిన ఏడు, నేను గుంతకల్లులో మా కూతురింట్లో పడి ఉన్నాను. కోడిమాంసం తింటేనే వస్తుందని ఎవరో అంటే, ఆ రైల్వే క్వార్టర్సులో కోడి కూర వండడమే మానేశారు. నేను పుట్టి కోడి ముట్టినదాన్ని కాను. అయినా నాకు వచ్చింది.

జ్వరం పోయింది గానీ మణికట్లు వాచిపోయాయి. ఎడమ చేయి మరీ ఘోరం. చెంబు ఎత్తలేను, కొప్పు ముడి వేసుకోలేను. అన్నం కూడా మా కూతురు కలిపి పెట్టాల్సి వచ్చింది. ఉరవకొండ దగ్గర మా ఇంట్లో జొన్న రొట్టె తట్టేది నేనే. రొట్టె తట్టలేని చేతులతో కోడలి పొయ్యి దగ్గర కూర్చుని పెట్టింది తినడానికి నా మనసు ఒప్పలేదు. చేతులు వస్తే ఊరికి పోతాను, రాకపోతే పోను అని తేల్చేశాను. వస్తాయా అని డాక్టరును అడిగితే, "కదిలిస్తా ఉండవ్వా, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు.

బడి సెలవుల్లో మా అల్లుడి తమ్ముడు, బెంగుళూరులో జపాను కంపెనీలో పనిచేసేవాడు, ఆ దేశానికి శిక్షణకు పోయి వస్తూ నా మనవరాలికి ఒక ఆట తెచ్చాడు. టీవీకి తగిలించే పెట్టె, దానికి ఒక ప్లాస్టిక్ తప్పెట, రెండు కర్రలు. టీవీలో కళ్లూ కాళ్లూ ఉన్న తప్పెట ఒకటి ఎగురుతుంది. కింద జపాను రాతలు. నేను చదివింది మూడో తరగతి, అది చదివేది ఏడు. ఆ రాతల ముందర ఇద్దరమూ ఒకటే.

మధ్యాహ్నం కునుకు పట్టనీయకుండా ధనాధనా కొడుతుంటే ఒకరోజు లేచి తిట్టాను.

"ఏమే, కరెంటు ఊరికే వస్తాందా? ఆపు."

"నువ్వు కర్ర ఎత్తలేవు గాబట్టి తిడతాండావ్ అవ్వా."

"ఎవురే ఎత్తలేంది? ఇయ్యి ఇట్లా!"

తీసుకున్నాను. సన్నటి కర్రలు, వాచిన వేళ్లకు పట్టు చిక్కలేదు. జారి కింద పడ్డాయి. అది నవ్వలేదు. నవ్వి ఉంటే మళ్లీ ముట్టేదాన్ని కాదు. నా పాత చీర పేలిక ఒకటి తెచ్చి కర్రల మొదట్లో లావుగా చుట్టింది. అప్పుడు నిలిచాయి.

"నడిమధ్యన కొడితే డోన్. అంచు మీద కొడితే కా," అని చెప్పింది.

"డోనా? ఆ బండి ఇప్పుడేముండాదే?"

ఈసారి పడీ పడీ నవ్వింది. నాకేం తెలుసు! ఆ క్వార్టర్సులో పొద్దున లేస్తే వినబడేవి డోను, గుత్తి, రాయచూరు బండ్ల పేర్లే. జపాను వాళ్లు తప్పెట దెబ్బను డోన్ అంటారట.

"సరే, కా అంటే యా ఊరు?"

అది కాసేపు ఆలోచించి, "కల్లూరు అనుకో," అంది.

అంతే, ఆట నాకు పట్టుబడింది. టీవీలో పాట మోగుతుంటే కుడి నుంచి చక్రాలు వరసగా వస్తాయి. ఎడమ పక్క ఉండే గుండ్రటి గీతే ప్లాట్‌ఫారం. చక్రం అక్కడికి చేరగానే కొట్టాలి. ముందు కొట్టినా తప్పే, తర్వాత కొట్టినా తప్పే. ఎర్రది డోనుకు, నీలంది కల్లూరుకు. వంటింట్లోంచి మా కూతురు, "అమ్మా, డోను బండి పాయెనా?" అని ఎగతాళి చేసేది.

"పాయె. నీ పని నువ్వు చూసుకో."

అప్పుడప్పుడు పెద్ద ఎర్ర చక్రం వస్తుంది. దాన్ని రెండు చేతులతో ఒక్కసారే కొట్టాలి. నేను కుడి చేత్తోనే సరిపెట్టేదాన్ని. ఎడమ చేయి ఒడిలో కర్ర పట్టుకుని ఊరికే ఉండేది. ఆ పెట్టె దానికీ ఒప్పుకునేది, మార్కులు తక్కువ వేసేదేమో.

అలా రోజూ మధ్యాహ్నాలు గడిచాయి. ఎడమ చేయి కూడా మెల్లగా అంచు మీద తట్టడం మొదలుపెట్టింది. నొప్పికి పళ్లు కొరుక్కునేదాన్ని గానీ పైకి చెప్పలేదు. ఒకనాడు పాట ఊపులో ఉంది. పెద్ద చక్రం వచ్చింది. ధన్ మని పడింది దెబ్బ.

"అవ్వా! రెండు చేతులూ!" అని మనవరాలు అరిచింది. "ఎడమ చెయ్యి పైకెత్తి కొట్టినావ్!"

నేను చూసుకోలేదు. అది చెప్పాకే చూసుకున్నాను. చేయి తప్పెట మీదే ఉంది.

"నిలిపేయ్. కరెంటు దండగ," అని లేచాను.

నేరుగా పెరట్లోకి పోయాను. బకెట్లో నా నూలు చీర నానుతోంది. పైకి తీసి మెలితిప్పాను. మా కూతురు పరుగున వచ్చింది.

"అమ్మా, పెట్టు ఆడ. నేను పిండుతా."

"గమ్మునుండు."

కొంచెం నీళ్లు కారాయి. మణికట్టు సలిపింది. ఇంకో మెలి వేశాను. ఈసారి ధార కట్టి కాళ్ల మీద పడింది. మా కూతురు చీర కొంగు పట్టుకుని తానూ పిండి చూసింది. దాని చేతికి చుక్క నీళ్లు కూడా రాలేదు.

"ఇంగేం, రేపే ఉరవకొండ బస్సెక్కుతావ్," అంది ఉక్రోషంగా. కళ్లల్లో మాత్రం నీళ్లు నింపుకుంది.

"రేపు కాదులే. ఎల్లుండి," అన్నాను.

చీర తీగ మీద ఆరేసి, బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. ఎండ వాలిపోయేదాకా లేవలేదు. లేవలేక కాదు, మూట కట్టుకోబుద్ధి కాక.